శిక్ష మీద ఏమైనా చెప్పుకుంటారా?

"నేరం రుజువైంది" అని చదివాక జడ్జిగారు తలెత్తి, బోనులో ఉన్న మనిషిని ఈ మాట అడుగుతారు. మన జిల్లా కోర్టుల్లో నాలుగు నెలలు తిరిగిన ఎవరికైనా దానికొచ్చే జవాబు కంఠతా వచ్చు. "పేదవాణ్ని సార్. ముసలి అమ్మానాన్నలున్నారు. చిన్నపిల్లలున్నారు. ఇంటికి నేనే ఆధారం. దయ చూపండి." పక్కన నిలబడ్డ వకీలు "లీనియంట్ వ్యూ తీసుకోవాలని ప్రార్థన" అని ఒక ముక్క కలుపుతాడు. పీపీగారు గరిష్ఠ శిక్ష వేయమంటారు. ముగ్గురి మాటలూ తీర్పులో నాలుగు లైన్లవుతాయి. ఏళ్ల తరబడి నలిగిన కేసులో ఒక మనిషి ఎన్నాళ్లు జైల్లో ఉండాలన్నది ఆ పది నిమిషాల్లో తేలిపోతుంది.

క్రిమినల్ సైడ్ ప్రాక్టీసు మొదలుపెట్టి రెండు మూడేళ్లయినవాళ్లకీ, లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సిల్‌లో చేరినవాళ్లకీ, కొత్తగా ఏపీపీ అయినవాళ్లకీ ఆ పది నిమిషాల గురించే ఈ నాలుగు మాటలు. సాక్షిని ఎలా క్రాస్ చేయాలో సీనియర్లు నేర్పుతారు. బెయిల్ పిటిషన్ ఎలా రాయాలో గుమాస్తా కూడా చెప్తాడు. శిక్ష మీద ఎలా మాట్లాడాలో మాత్రం ఎవరూ చెప్పరు. కేసు గెలుస్తామన్న నమ్మకంతో ఓడిన రోజు సంగతి ఆలోచించకపోవడం మన వృత్తికి అలవాటు. వకాలతు మీద సంతకం పడిన రోజు నుంచే ఆ సంగతి ఆలోచించాలని నా అభిప్రాయం. తీర్పు రోజున మాటలు పుట్టించుకోవచ్చు గానీ కాగితాలు పుట్టించలేం.

శిక్ష మీద వినడం జడ్జిగారు చేసే మర్యాద కాదు, చట్టం పెట్టిన విధి. సీఆర్‌పీసీ 235(2)లో ఉన్న ఈ మాట ఇప్పుడు భారతీయ నాగరిక సురక్షా సంహిత 258(2)లో ఉంది. మేజిస్ట్రేట్ కోర్టులో వారంట్ కేసులైతే 271(2). ఈ దశను ఎగరగొట్టి వేసిన శిక్షను సుప్రీంకోర్టు 1976లోనే శాంతా సింగ్ కేసులో పక్కనపెట్టి, మళ్లీ వినమని సెషన్స్ కోర్టుకు తిప్పిపంపింది. హత్య రుజువైన కేసులో కూడా "ఈ మనిషి గురించి ఏం తెలుసుకున్నారు?" అని పైకోర్టు అడిగిందంటే, మనం ఈ దశను "దయ చూపండి"తో సరిపెట్టడం కక్షిదారుకు అన్యాయమే.

శిక్ష దేనికి అన్న ప్రశ్న లా కాలేజీలో ఐదు మార్కులది. చేసినదానికి తగినంత అనుభవించడం, చూసినవాళ్లు భయపడటం, ప్రమాదకరమైన మనిషిని దూరంగా ఉంచడం, మనిషిని మార్చడం, నష్టపోయినవాళ్లకు ఎంతోకొంత పూడ్చడం. రాసి పాసయ్యాం, మరిచిపోయాం. ఇంగ్లండులో 2020 నాటి సెంటెన్సింగ్ చట్టం ఈ ఐదింటినీ సెక్షన్‌లోనే రాసి, జడ్జి వీటిని దృష్టిలో పెట్టుకోవాలంది. శిక్షల స్థాయికి అక్కడ మార్గదర్శకాలూ ఉన్నాయి. మన చట్టంలో అలాంటి సెక్షన్ లేదు. 2003లో మలిమత్ కమిటీ మార్గదర్శకాలు కావాలంది. 2008లో ప్రేమ్ సాగర్ కేసులో, 2012లో కేరళ కల్తీసారా కేసులో సుప్రీంకోర్టు కూడా ఈ లోటును ఎత్తిచూపింది. లోటు అలాగే ఉంది. అందుకే ఒకే రకం నేరానికి పక్కపక్క కోర్టుల్లో ఒకచోట ఆరు నెలలు, ఇంకోచోట మూడేళ్లు పడటం చూస్తుంటాం.

లిఖిత సూత్రం లేనిచోట జడ్జిగారి మనసులో ఉన్న లెక్కే సూత్రమవుతుంది. ఒకరికి భయం ముఖ్యం, ఇంకొకరికి మార్పు ముఖ్యం. అదే జడ్జిగారికి లంచం కేసులో ఒక లెక్క, అన్నదమ్ముల గట్టు తగాదాలో ఇంకో లెక్క ఉండొచ్చు. ఈ కేసులో ఆయన ఏ లెక్క వేస్తారో ముందే ఊహించి, దానికి పనికొచ్చే కాగితాన్ని చేతిలో ఉంచుకోవడమే మన పని. కాలేజీలో చదివిన ఆ ఐదు సిద్ధాంతాలనూ ఏయే కాగితాలు తేవాలో చెప్పే జాబితాగా చూడటం మొదలుపెడితే అవి ఉన్నట్టుండి పనికొస్తాయి.

అన్నిటికంటే ముందు, ఏ తలుపులు మూసి ఉన్నాయో చూసుకోండి. పోక్సో సెక్షన్ 6 కింద నేరం 2019 సవరణ తర్వాత జరిగి ఉంటే కనీసం 20 ఏళ్లు. జడ్జిగారు అనుకున్నా తగ్గించలేరు. అవినీతి నిరోధక చట్టం సెక్షన్ 7లో, 2018 సవరణ తర్వాతి నేరమైతే, కనీసం మూడేళ్లు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం సెక్షన్ 19 ప్రకారం పద్దెనిమిదేళ్లు దాటినవాళ్లకు ప్రొబేషన్ లేదు. గంజాయి కేసుల్లో 20 కేజీలు దాటితే పదేళ్లు, లక్ష జరిమానా కనీసం. కేజీ దాటి 20 కేజీల లోపైతే కనీస శిక్ష లేదు, పదేళ్ల దాకా ఎంతైనా వేయొచ్చు. అంటే వాదనకు చోటుంది. అల్లూరి సీతారామరాజు జిల్లా ఘాట్ రోడ్ల మీద బైకుతో సహా పట్టుబడే కుర్రాళ్ల కేసుల్లో ఈ తూకం తేడా ఎంత పెద్దదో విశాఖ, అనకాపల్లి కోర్టుల్లో తిరిగేవాళ్లకు చెప్పనక్కర్లేదు. కనీసం కంటే ఎక్కువ వేయడానికి ఏమేం చూడొచ్చో మాదకద్రవ్యాల చట్టం (ఎన్‌డీపీఎస్) 32బిలో చెప్పింది: ఆయుధాలు వాడాడా, పిల్లల్ని వాడుకున్నాడా, పదవిని అడ్డం పెట్టుకున్నాడా అని. వీటిలో ఏదీ లేదని ఒక్కొక్కటీ చదివి చూపించండి. కనీస శిక్ష ఉన్న కేసులో "కనీసం కంటే తగ్గించండి" అని అడిగే వకీలు సెక్షన్ చదవలేదని కోర్టంతటికీ తెలిసిపోతుంది. "కనీసం దగ్గరే ఆపండి, ఇవీ కారణాలు" అన్నవాడి మాట వింటారు.

నేరం తేదీ కూడా చూడండి. 2024 జులై 1కి ముందు జరిగినదానికి శిక్ష ఐపీసీ ప్రకారమే. నిర్లక్ష్యంగా నడిపి ప్రాణం తీసిన కేసుకు ఐపీసీ 304ఎలో గరిష్ఠం రెండేళ్లు, భారతీయ న్యాయ సంహిత 106(1)లో ఐదేళ్లు. పాత నేరానికి కొత్త శిక్ష వేయకూడదని రాజ్యాంగం 20వ అధికరణమే చెబుతోంది. రెండు చట్టాలూ పక్కపక్కన నడుస్తున్న ఈ రోజుల్లో పొరపాట్లకు అవకాశం ఎక్కువ.

ఇక మనిషి గురించి. ఇక్కడ నేను జూనియర్లందరినీ చదవమనేది మన ఆంధ్ర నుంచే వెళ్లిన కేసు, 1974 నాటి ఎడిగ అన్నమ్మ తీర్పు. ఒక స్త్రీనీ, ఆమె పసిబిడ్డనూ చంపిన నేరం. మరణశిక్ష పడింది. నేరం రుజువైందన్న దాని మీద సుప్రీంకోర్టుకు సందేహం లేదు. జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ రాసిన ఆ తీర్పు అన్నమ్మ బతుకు వైపు చూసింది. వయసు ఇరవైల్లో. అత్తింటివాళ్లు వెళ్లగొడితే పుట్టింట్లో ఉంటోంది. చిన్న కొడుకున్నాడు. పైగా రెండేళ్లకు మించి ఉరి నీడలో గడిపింది. వీటిలో ఏ ఒక్కటీ నేరాన్ని చిన్నది చేయదు. అన్నీ కలిపి చూసినప్పుడు మాత్రం ఈ మనిషిని చంపి తీరాలా అన్న ప్రశ్నకు జవాబు మారింది. యావజ్జీవంగా తగ్గించారు.

ఈ తీర్పు మరణశిక్ష కేసులకే పనికొస్తుందనుకోవద్దు. "పేదవాణ్ని సార్" అన్న పాటకూ ఇక్కడి పద్ధతికీ తేడా చూడండి. పాటలో మనిషి లేడు, ఎవరికైనా అతికే మాటలున్నాయి. తీర్పులో ఉన్నవి ఒక్క అన్నమ్మకే చెందిన వివరాలు. ఆరేళ్ల తర్వాత, 1980లో, బచన్ సింగ్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం ఇదే దారిని ఖాయం చేసింది. నేరాన్నీ చూడాలి, నేరస్తుణ్నీ చూడాలి. సంస్కరణకు అవకాశమే లేదన్నది ప్రభుత్వం రుజువు చేయాలి. 2022లో మనోజ్ కేసులో ఇంకో అడుగు వేసి, మరణశిక్షకు ఆస్కారమున్న కేసుల్లో ముద్దాయి కుటుంబ నేపథ్యం, చదువు, ఆదాయం, పని, మానసిక స్థితి, జైలు నడవడిక, ఇవన్నీ ట్రయల్ దశలోనే కోర్టు ముందుకు రావాలని చెప్పింది. ఆ జాబితా ప్రింటు తీసి గోడకు అంటించుకోండి. మూడేళ్ల శిక్ష పడే కేసుకైనా అవే అంశాలు, కాకపోతే చిన్న కొలతలో.

కాబట్టి ప్రతి కేసు కట్టలోనూ ఒక పల్చటి ఫోల్డర్ వేరుగా పెట్టండి. మొదటి ఇంటర్వ్యూలోనే పుట్టిన తేదీ అడిగి, పదో తరగతి మార్కుల లిస్టు గానీ స్కూలు రికార్డు గానీ తెప్పించండి. ఆధార్‌లో వయసును గుడ్డిగా నమ్మొద్దు. మన పల్లెల్లో సగం మందికి జనవరి 1న పుట్టినరోజు! నేరం జరిగిన రోజుకు పద్దెనిమిది నిండలేదని తేలితే కేసు దారే మారిపోతుంది. బాలుడినన్న వాదన ఏ దశలోనైనా, తీర్పు తర్వాత కూడా చేయొచ్చని జువెనైల్ జస్టిస్ చట్టం చెబుతోంది. ఇరవయ్యొకటి లోపువాళ్ల సంగతి వేరే ఉంది, దానికి తర్వాత వస్తాను.

రిమాండ్ రోజుల లెక్క ఆ ఫోల్డర్‌లో మొదటి పేజీ కావాలి. ఏ తేదీన అరెస్టు, ఏ తేదీన బెయిల్ మీద విడుదల, మధ్యలో వారంట్ మీద మళ్లీ లోపలికి వెళ్లాడా. కేసు ఆరేళ్లు నడిచాక ఈ తేదీలు ఎవరికీ గుర్తుండవు, అప్పుడు ముద్దాయి భార్య చెప్పే "ఉగాది ముందు తీసుకెళ్లారు"ను నమ్ముకోవాల్సి వస్తుంది.

ఇంకో సంగతి మనవాళ్లు అసలు పట్టించుకోరు. బెయిల్ మీద ఉన్న మనిషి అన్ని వాయిదాలకూ వచ్చాడా? ఒక్క నాన్ బెయిలబుల్ వారంటూ లేకుండా ఐదేళ్లు కోర్టుకు తిరిగిన మనిషి గురించి "మళ్లీ నేరం చేస్తాడు, లోపల ఉంచాలి" అనడం పీపీగారికి కష్టం. దీనికి సాక్ష్యం బయట వెతకనక్కర్లేదు, కోర్టువారి డాకెట్‌లోనే ఉంది. తేదీలు రాసుకుని చూపిస్తే చాలు. మనిషిని దూరంగా ఉంచాలన్న లెక్కకు ఇంతకంటే గట్టి జవాబు నాకు తెలియదు.

"చేసినదానికి తగినంత" అన్న లెక్కకు జవాబు కూడా రికార్డులోనే ఉంటుంది. ఉమ్మడి ఉద్దేశం కింద ఐదుగురికి నేరం రుజువైనా, ఐదుగురికీ ఒకటే శిక్ష పడాలని లేదు. కత్తి ఎవరి చేతిలో ఉంది, చేయి పట్టుకున్నది ఎవరు, అరుస్తూ దూరంగా నిలబడ్డది ఎవరు అన్నవి సాక్షుల వాంగ్మూలాల్లో ఉంటాయి. ట్రయల్ నడిచేటప్పుడే మీ ముద్దాయి పాత్ర చిన్నదని చెప్పే లైన్లకు పేజీ నంబర్లు వేసుకోండి. వాదనలో వాటిని వాడలేకపోవచ్చు. "మావాడు అక్కడ లేనేలేడు" అని వాదిస్తూ "ఉన్నా దూరంగా ఉన్నాడు" అనలేం గదా. శిక్ష దశలో ఆ ఇబ్బంది ఉండదు. కోర్టు నమ్మిన కథలోనే మీవాడి వాటా ఎంతో చెబుతున్నారు.

ఇక్కడే ఒక జాగ్రత్త. పశ్చాత్తాపం చూపిస్తే శిక్ష తగ్గుతుందన్న ఆత్రంలో ముద్దాయి చేత "తప్పు చేశాను, క్షమించండి" అని రాయించి దాఖలు చేసేవాళ్లున్నారు. అప్పీలులో అదే కాగితం ఎదురు తిరుగుతుంది. శిక్ష దశలో ముద్దాయి నేరం ఒప్పుకోనక్కర్లేదు. అతని బతుకు గురించి చెప్పండి, ఘటన గురించి కాదు. ఘటన గురించి అతను నోరు విప్పాలనుకుంటే ముందు రోజు సాయంత్రమే కూర్చోబెట్టి, ఏం అడుగుతారో, ఏం చెబితే ఏమవుతుందో వివరించండి. ఇంట్లోవాళ్లకు కూడా చెప్పండి. "కేసు కొట్టేస్తారని నమ్మించి ఇప్పుడు ఇలా అంటారేంటి లాయరుగారూ" అని వాళ్లు నిలదీస్తారు. నిలదీయనివ్వండి. ఆ మాట తీర్పు రోజు కోర్టు వరండాలో పడేకంటే ముందు రోజు మీ ఆఫీసులో పడటం మేలు.

మార్పు వస్తుందన్న లెక్క మీద నిలబడాలంటే మార్పు కనబడాలి. ఐటీఐ సర్టిఫికెట్, పనిచేసే షాపు యజమాని ఇచ్చిన ఉత్తరం, జీతం స్లిప్పులు, తాగుడు మాన్పించే సెంటర్‌లో చేరిన రసీదు, పిల్లల స్కూలు ఫీజు ఎవరు కడుతున్నారో చూపే బిల్లులు. "ఇంటికి నేనే ఆధారం" అన్న మాటకు రేషన్ కార్డు, తల్లి మందుల చీటీలు, అన్నదమ్ములెవరూ లేరని చెప్పే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ జతపడితే అది పాట కాదు, సాక్ష్యం. వీలైతే మెమోతో పాటు అఫిడవిట్ వేయండి.

ఈ సందర్భంలో మన ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఇంకో తీర్పు చెప్పాలి. 1977 నాటి మహమ్మద్ గియాసుద్దీన్ కేసు. ఉద్యోగాలిప్పిస్తామని నిరుద్యోగుల దగ్గర డబ్బు గుంజిన మోసం. మూడేళ్ల శిక్షను సుప్రీంకోర్టు 18 నెలలకు తగ్గించింది. ఆ తీర్పు కూడా కృష్ణయ్యర్‌గారిదే. నేరస్తుణ్ని మార్చి బయటికి పంపడం జైలు పని అనీ, అతనికి తగిన పని, వేతనం, అప్పుడప్పుడూ పెరోల్ ఉండాలనీ రాశారు. ఈ తీర్పు చదివినప్పుడల్లా నాకు మోసపోయిన ఆ కుర్రాళ్లు కూడా గుర్తొస్తారు. ఉద్యోగం కోసం అప్పు చేసి డబ్బు కట్టినవాడి కడుపుమంట సంగతేమిటి? తీర్పు మీద నాకు గౌరవం ఉంది, కానీ మార్పు గురించి మాట్లాడే వకీలు నష్టపోయినవాడి వైపు తిరక్కుండా మాట్లాడకూడదనుకుంటాను. పరిహారం గురించి కోర్టు తప్పకుండా ఆలోచించాలనీ, ఇచ్చినా ఇవ్వకపోయినా కారణం రాయాలనీ 2013లో అంకుష్ శివాజీ గైక్వాడ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. డబ్బు నేరాల్లో డిఫెన్స్ వకీలు ముందుకొచ్చి "ఇంత డిపాజిట్ చేస్తాం, ఇదిగో డీడీ" అనగలిగితే ఆ మాటకున్న బరువు పది పేజీల వాదనకు ఉండదు. చెక్ బౌన్సు కేసుల్లోనైతే అసలు గురి అదే, డబ్బు తిరిగి రావడం.

అలాగని డబ్బు అన్నిచోట్లా పనిచేయదు. రోడ్డు ప్రమాదంలో ఇద్దరు చనిపోయిన సౌరభ్ బక్షీ కేసులో, పరిహారం ఇచ్చాడని హైకోర్టు శిక్షను అప్పటికే గడిపిన 24 రోజులకు తగ్గిస్తే, 2015లో సుప్రీంకోర్టు ఒప్పుకోక ఆరు నెలలు చేసింది. ప్రాణాలు తీసే డ్రైవింగ్‌కు ప్రొబేషన్ ఇవ్వడం తగదని 2000లోనే దల్బీర్ సింగ్ కేసులో చెప్పి ఉంది. లారీ, బస్సు డ్రైవర్ల కేసులు పట్టేవాళ్లు ఈ రెండూ చదవకుండా వెళ్తే పీపీగారు చదివి వినిపిస్తారు. ఇలాంటి కేసుల్లో జడ్జి లెక్క భయం మీద నడుస్తుంది. అక్కడ "ఇతను మంచివాడు" అన్నదానికంటే, లైసెన్సు పోయింది, పని పోయింది, ఇన్నేళ్లుగా స్టీరింగ్ పట్టలేదు అన్నవి చెప్పండి. భయం కలగాల్సినవాళ్లకు కనిపించేంత నష్టం ఇప్పటికే జరిగిందని చూపించడం అది.

స్త్రీల మీద నేరాల్లో రాజీ గురించి నోరెత్తొద్దు. అత్యాచారం కేసులో ఇరుపక్షాలూ రాజీపడ్డాయని శిక్ష తగ్గించడం కుదరదని 2013లో శింభు కేసులో ఖరాకండిగా తేలింది. "పెళ్లి చేసుకుంటాడు" అనే మాట ఇప్పటికీ కొన్ని కోర్టుల్లో వినబడుతోంది. ఇలాంటి కేసుల్లో రాజీని, పెళ్లిని ప్రోత్సహించవద్దని 2021లో అపర్ణా భట్ కేసులో సుప్రీంకోర్టు కోర్టులన్నిటినీ హెచ్చరించింది. ఆ మాట అన్న వకీలు కక్షిదారుకు మేలు చేయడు, తన పరువూ పోగొట్టుకుంటాడు.

ప్రొబేషన్ దగ్గరికి వద్దాం. 1958 నాటి ప్రొబేషన్ ఆఫ్ అఫెండర్స్ చట్టం మన కోర్టుల్లో అవసరమైనంత వాడకంలో లేకపోవడానికి సగం కారణం మనమే. మరణశిక్షో యావజ్జీవమో పడే అవకాశం లేని నేరాల్లో, సెక్షన్ 4 కింద, శిక్ష వేయకుండా మూడేళ్లకు మించని కాలానికి సత్ప్రవర్తన బాండు రాయించుకుని వదలొచ్చు. ఇరవయ్యొకటి నిండనివాళ్లకు సెక్షన్ 6 ఇంకా బలమైనది. ప్రొబేషన్ ఎందుకు కుదరదో కారణం రాయకుండా జైలుకు పంపకూడదు, దానికి ముందు ప్రొబేషన్ ఆఫీసర్ నివేదిక తెప్పించుకోవాలి. ఇక్కడొక కిటుకుంది. బాలుడా కాదా అన్నది నేరం జరిగిన తేదీతో లెక్క. సెక్షన్ 6లో ఇరవయ్యొకటి మాత్రం కోర్టు దోషిగా తేల్చే రోజుతో లెక్క అని 1962లోనే రాంజీ మిస్సర్ కేసులో తేలింది. పందొమ్మిదేళ్ల కుర్రాడి కేసులో డిఫెన్స్ వకీలే వాయిదాలు అడుగుతూ పోతే, సెక్షన్ 6 అతని చేతుల్లోంచి జారిపోయేది మన వల్లే. కనీస శిక్ష ఉంటే ప్రొబేషన్ లేనట్టేనని పీపీలు వాదిస్తుంటారు. ఐపీసీలో కనీస శిక్ష ఉన్నంత మాత్రాన ఆ తలుపు మూసుకోదని 2021లో లఖ్‌వీర్ సింగ్ కేసు ఉంది. ప్రత్యేక చట్టం స్పష్టంగా వద్దన్నచోట అది పనిచేయదు. ఎన్‌డీపీఎస్ సెక్షన్ 33 అలాంటిదే.

ప్రొబేషన్ అడిగేటప్పుడు ముద్దాయి ఉద్యోగం ఏమిటో చూడండి. సెక్షన్ 12 వల్ల శిక్ష పడిందన్న అనర్హత తొలగుతుంది. ప్రభుత్వ ఉద్యోగికి ఇది పెద్ద ఊరటలా కనిపిస్తుంది గానీ, శిక్షకు దారితీసిన ప్రవర్తన మీద శాఖ చర్య తీసుకోవడానికి అడ్డు కాదని 1975లో చెల్లప్పన్ కేసులో తేలిపోయింది. 311వ అధికరణం రెండో క్లాజు కింద అలాంటి సందర్భంలో విచారణ లేకుండా డిస్మిస్ చేసే అధికారం శాఖకుంది. అయితే ఆ అధికారం ఉంది కాబట్టి డిస్మిస్ చేసి తీరాలని లేదు. తగిన శిక్ష ఏదో శాఖ కూడా ఆలోచించాలి. మీ టీచరుకో, కానిస్టేబులుకో "ఉద్యోగం పోదు" అని మాట ఇవ్వకండి. "జైలు తప్పొచ్చు, ఉద్యోగం సంగతి వేరే ఫైలు" అని చెప్పండి.

చిన్న కేసుల్లో ఇప్పుడు సమాజ సేవ అనే కొత్త శిక్ష వచ్చింది. ఐదు వేల లోపు విలువున్న దొంగతనంలో మొదటిసారి దోషి అయి, వస్తువో దాని విలువో తిరిగి ఇచ్చేస్తే సమాజ సేవే శిక్ష. తాగి బహిరంగంగా అల్లరి చేసినదానికీ, పరువునష్టానికీ దాన్ని అడగొచ్చు. ఉత్తినే అడక్కండి. ఏ ఆసుపత్రిలో, ఏ బడిలో, ఏ రోజుల్లో చేయగలడో మెమోలో రాసిస్తే మేజిస్ట్రేటుగారి పని తేలికవుతుంది.

ఏపీపీలుగా చేరినవాళ్లకు కొన్ని మాటలు. "గరిష్ఠ శిక్ష వేయాలి" అన్నది కూడా పాటే. ఎందుకో చెప్పండి. బాధితుడు ఎన్నాళ్లు ఆసుపత్రిలో ఉన్నాడు, చేయి ఇప్పుడు ఎంతవరకు పనిచేస్తోంది, ఆ ఇల్లు ఎలా గడుస్తోంది అన్నవి రికార్డులో పెట్టించండి. ముద్దాయి మీద పెండింగ్ కేసుల జాబితా చదివి "అలవాటుపడ్డ నేరస్తుడు" అనకండి. పెండింగ్ కేసు శిక్ష కాదు. పాత శిక్ష ఆధారంగా ఎక్కువ శిక్ష కావాలంటే దాన్ని ఛార్జిలో చెప్పి, రుజువు చేయాలి. నమ్మకాన్ని వాడుకుని చేసిన నేరమైతే, అంటే వార్డెన్, చిట్టీల వ్యాపారి, బ్యాంకు మేనేజరు లాంటివాళ్లదైతే, మీ వాదన అక్కడే మొదలుపెట్టండి. పరిహారం అడగడం మీ బాధ్యత కూడా. కోర్టు సిఫార్సుతో జిల్లా న్యాయసేవాధికార సంస్థ ద్వారా బాధితుల పరిహార పథకం నుంచి ఇప్పించే వీలుంది. ఆ దరఖాస్తు ఊసు తీర్పు రోజున ఎత్తేది మీరొక్కరే.

ఇక దోషి అన్న వెంటనే అదే గంటలో శిక్ష మీద మాట్లాడమంటే? శిక్ష మీద చెప్పుకోవడానికి మాత్రమే వాయిదా ఇవ్వకూడదని పాత సీఆర్‌పీసీ 309లో, ఇప్పటి సురక్షా సంహిత 346లో ఒక మాట ఉంది. పీపీగారు దాన్నే చదువుతారు. దోషిగా తేల్చాక, శిక్షపై రెండు పక్షాలూ సాక్ష్యం తెచ్చుకోవడానికి వీలుగా మరో తేదీకి వేయడం మంచిదని 1989లో అల్లావుద్దీన్ మియాన్ కేసులో సుప్రీంకోర్టు సూచించింది. మీరు "టైమ్ కావాలి" అంటే రాదు. "తల్లి డయాలిసిస్ రికార్డు రేపు ఆసుపత్రి నుంచి వస్తుంది" అంటే వస్తుంది. కనీసం మధ్యాహ్నం దాకా పాస్‌ఓవర్ ఇస్తారు.

శిక్ష చదివాక అలసిపోయి కూర్చోకండి, ఇంకా లెక్కలున్నాయి. ఒకటికంటే ఎక్కువ సెక్షన్ల కింద శిక్ష పడితే ఏకకాలంలోనా, ఒకదాని తర్వాత ఒకటా అన్నది ఆర్డర్‌లో ఉందో లేదో చూడండి. లేకపోతే అక్కడే నిలబడి అడగండి. ఇంకో కేసులో ఇప్పటికే శిక్ష అనుభవిస్తుంటే సురక్షా సంహిత 467 కింద దానితో కలిపి నడిచేలా విడిగా అడగాలి, అది దానంతటది రాదు. జరిమానా కట్టకపోతే పడే అదనపు జైలు, ఆ నేరానికున్న గరిష్ఠ శిక్షలో నాలుగో వంతు దాటకూడదు. కూలి చేసుకునే మనిషికి యాభై వేలు జరిమానా అంటే అది ఇంకో జైలు శిక్షేనని వేయకముందే మర్యాదగా చెప్పండి, వేశాక చెప్పి లాభం లేదు. బెయిల్ మీద ఉన్న మనిషికి మూడేళ్లకు మించని శిక్ష పడితే, అప్పీలుకు వెళ్తామని చెప్పి 430(3) కింద ఆ కోర్టులోనే శిక్ష నిలిపివేత అడగొచ్చు. పిటిషన్ టైప్ చేయించి, జామీనుదార్లను పొలం పన్ను రసీదులతో సహా పొద్దున్నే కోర్టుకు రప్పించి ఉంచండి. సాయంత్రం నాలుగున్నరకు జామీనుదారు కోసం ఫోన్లు చేస్తే ఆ రాత్రి మనిషి జైల్లోనే పడుకుంటాడు.

జైలు శిక్ష పడినవాళ్లకు తీర్పు నకలు వెంటనే ఉచితంగా ఇవ్వాలని 404 చెబుతోంది. అడిగి తీసుకోండి. అప్పీలు సెషన్స్ కోర్టుకైతే 30 రోజులు, హైకోర్టుకైతే 60 రోజులు. కస్టడీలో ఉన్నవాళ్లకు, స్త్రీలకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా లీగల్ ఎయిడ్ ఉంది. మీ ఫీజు ఇచ్చుకోలేని కుటుంబానికి ఆ సంగతి చెప్పడానికి మొహమాటపడకండి. ఎస్కార్ట్ పోలీసులు మనిషిని తీసుకెళ్లేలోపు బెంచ్ క్లర్క్ దగ్గర వారంట్ చూడండి. శిక్ష కాలం, జరిమానా, రిమాండ్‌లో గడిపిన రోజుల సెటాఫ్, ఈ మూడూ తీర్పులో ఉన్నట్టే వారంట్‌లో పడ్డాయో లేదో మీ ఫోల్డర్‌లో మొదటి పేజీతో పోల్చుకోండి. తేడా ఉంటే అప్పుడే మెమో వేసి సరిచేయించండి. జైలు ఆఫీసులో విడుదల తేదీ కట్టేది ఆ వారంట్ చూసే.